అబ్బాయి విడాకుల కాగితం ఏ కౌంటీలో ఉంది?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. బంధువుల ద్వారా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అమెరికాలో, డల్లస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. అతనికి ఇంతకుముందు విజయవాడలో పెళ్ళయిందని, కొన్నాళ్ళకే విడిపోయారని, విడాకులు అమెరికాలోనే అయ్యాయని వాళ్ళే చెప్పారు. పిల్లలు లేరన్నారు. కాగితాలు చూపించమని అడిగితే అబ్బాయి తల్లి, "అక్కడ కోర్టు కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు" అన్నారు. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు రెండు రాత్రులు కూర్చుని వెతికాడు. అతని పేరు మీద ఏమీ దొరకలేదు. మరి వాళ్ళు చెప్పింది అబద్ధమా? కౌంటీ కోర్టు అంటున్నారు, అదేమిటో మాకు తెలియదు. మేము పరాయివాళ్ళం కదా, మాకు ఆ కాగితాలు ఇస్తారా? ఇక్కడ ఒక ఏజెన్సీ నలభై వేలు ఇస్తే అన్నీ తెప్పిస్తామంటోంది. ఇవ్వమంటారా?
ఒక తల్లి

అమ్మా,

మీ మేనల్లుడికి ఏమీ దొరకలేదని వాళ్ళను అప్పుడే అనుమానించకండి. రెండు రాత్రులు వెతికినా దొరకకపోవడానికి మామూలు కారణాలు అరడజను ఉన్నాయి. రేపు ఏదో ఒకటి దొరికినా, అంతటితో ఊపిరి పీల్చుకోకండి. టెక్సస్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో పదకొండేళ్ళు పనిచేశాను. కోర్టు ఫైళ్ళు వెతకడం, నకళ్ళు తీయించడం నా రోజువారీ పని. నేను న్యాయవాదిని కాను. కాగితం ఎక్కడ ఉంటుందో, ఎలా చేతికి వస్తుందో మాత్రం బాగా తెలుసు. అది చెబుతాను.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. రాష్ట్రాన్ని కౌంటీలుగా విడగొట్టారు. ఒక్క టెక్సస్‌లోనే 254 కౌంటీలు ఉన్నాయి. విడాకుల కేసు రాష్ట్ర చట్టం ప్రకారమే నడుస్తుంది, కానీ ఫైలు మాత్రం కేసు వేసిన కౌంటీలోనే ఉంటుంది. పక్క కౌంటీలో అడిగితే "మా దగ్గర లేదు" అంటారు, అంతకు మించి వాళ్ళకు తెలియదు. దేశంలోని విడాకులన్నీ ఒక్కచోట వెతికే వీలు అమెరికాలో లేదు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టులకు పేసర్ అనే ఉమ్మడి వ్యవస్థ ఉంది, పేజీకి పది సెంట్లు తీసుకుంటారు. దివాలా కేసులు, ఫెడరల్ నేరాల కేసులు అందులో కనిపిస్తాయి, విడాకులు కనిపించవు. చాలామంది చదువుకున్న పిల్లలు మొదట అక్కడే వెతికి నిరాశపడతారు. గూగుల్‌లో పేరు కొట్టి చూడడం అంతకంటే వృథా. కోర్టు జాబితాల లోపలికి అది వెళ్ళలేదు.

ఇప్పుడు ఫ్రిస్కో సంగతి. ఆ పట్టణం కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. చిరునామాలో రెండుచోట్లా ఫ్రిస్కో అనే రాస్తారు. కాలిన్ కౌంటీ కోర్టు మెకిన్నీలో ఉంది, డెంటన్ కౌంటీ కోర్టు డెంటన్ పట్టణంలో ఉంది. అబ్బాయి ఇల్లు ఏ వైపు ఉందో తెలియకుండా వెతికితే సగం ప్రయాస అక్కడే పోతుంది. పైగా ఇప్పుడు ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. టెక్సస్ చట్టం ప్రకారం విడాకులకు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరు అప్పటికి ఆరు నెలలుగా ఆ రాష్ట్రంలో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉండి ఉండాలి. ఇద్దరిలో ఎవరైనా సరే. ఆ అమ్మాయి విడిపోయి అక్క ఇంటికో స్నేహితురాలి దగ్గరకో ఇర్వింగ్ వెళ్ళిపోయి, అక్కడి నుంచి కేసు వేసిందనుకోండి, అది డల్లస్ కౌంటీ. హ్యూస్టన్ వెళ్ళి ఉంటే హ్యారిస్ కౌంటీయో ఫోర్ట్ బెండ్ కౌంటీయో. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికే వెళ్ళిపోయి ఉండవచ్చు. అందుకే "అప్పట్లో మీ ఇద్దరూ ఎక్కడెక్కడ ఉన్నారు" అనేదే వెతుకులాటలో మొదటి ప్రశ్న. మీ మేనల్లుడు ఇప్పటి చిరునామా పట్టుకుని వెతికాడేమో అడగండి.

కౌంటీ తెలిశాక కూడా ఏ గుమ్మం తట్టాలో తెలియాలి. టెక్సస్‌లో మామూలుగా ప్రతి కౌంటీలో ఇద్దరు క్లర్కులు ఉంటారు. ఇద్దరినీ ప్రజలే ఎన్నుకుంటారు. డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర విడాకులు, పెద్ద సివిల్ దావాలు, తీవ్రమైన నేరాల ఫైళ్ళు ఉంటాయి. కౌంటీ క్లర్కు దగ్గర పెళ్ళి లైసెన్సులు, వీలునామాల కేసులు, ఇళ్ళ దస్తావేజులు, చిన్న నేరాల కేసులు ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయించే కేసులు, 20,000 డాలర్ల లోపు తగాదాలు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కోర్టుల్లో ఉంటాయి. మీకు కావలసింది డిస్ట్రిక్ట్ క్లర్కు. మీరు అడగలేదు గానీ, భార్యను కొట్టిన కేసు ఏదైనా ఉంటే అది తీవ్రతను బట్టి ఏ క్లర్కు దగ్గరైనా ఉండవచ్చు. అందుకని రెండుచోట్లా పేరు చూడమని నేను ఎప్పుడూ చెబుతాను. చిన్న కౌంటీల్లో ఒక్కోసారి ఒక్కరే రెండు పనులూ చేస్తారు, కాలిన్, డెంటన్, డల్లస్ లాంటి పెద్ద కౌంటీల్లో మాత్రం వేర్వేరు.

ఇక పేరు. మన తెలుగువాళ్ళ విషయంలో ఫైళ్ళు దొరకకపోవడానికి సగం కారణం ఇదే. అక్కడి కోర్టు జాబితాలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో ఏది ఎక్కడ పడిందో ఆ దేవుడికే తెలియాలి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారికి అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోయి, సొంత పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అనే మూడు అక్షరాలు పడతాయి. పేరు తెలియదు అని దాని అర్థం. అదే పేరుతో డ్రైవింగ్ లైసెన్సు, అదే పేరుతో కోర్టు కేసు. ఇంటిపేరు అక్షరాలా మూడు మాటలున్న మనిషిని మధ్య మాట పెట్టి వెతికితే కంప్యూటరు ఎవరూ లేరంటుంది. శ్రీనివాస్‌ను ఒకరు ఐ పెట్టి రాస్తారు, ఒకరు రెండు ఈలు పెట్టి రాస్తారు. లక్ష్మిని కొందరు ఎక్స్‌తో రాస్తారు, కొందరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. చౌదరికి నాకు తెలిసి ఆరు రాతలున్నాయి. ఒకసారి ఒక ఫైలు కోసం మూడు రోజులు తిరిగాను. చివరికి ఆ మనిషి ఇంటిపేరు కింద అతని తండ్రి పేరు ఉంది. భార్య పేరుతో వెతికితే ఒక్క నిమిషంలో దొరికింది.

కాబట్టి మీ మేనల్లుడికి ఇలా చెప్పండి. అబ్బాయి పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అచ్చం అలాగే కనుక్కోవాలి. ఇంటిపేరు, సొంత పేరు తారుమారు చేసి కూడా చూడాలి. పేరంతా కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతకాలి. మొదటి భార్య పేరుతో కూడా, పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండింటితోనూ చూడాలి. కేసు ఆమె వేసి ఉంటే ఆమె పేరే ముందు ఉంటుంది. వెతికే పేజీలో సివిల్, క్రిమినల్, కుటుంబ కేసులకు వేర్వేరు గడులు ఉంటే కుటుంబ కేసుల గడి ఎంచుకున్నాడా లేదా చూసుకోవాలి. టెక్సస్ మొత్తానికి రీసెర్చ్ టీఎక్స్ అనే ఉమ్మడి పోర్టల్ ఉంది, అందులో నమోదు చేసుకుని కూడా చూడవచ్చు. అయితే కుటుంబ కేసుల్లోని కాగితాలు బయటివారికి ఇంట్లో కూర్చుంటే తెరుచుకోకపోవచ్చు. కేసు ఉందని మాత్రం కనిపిస్తుంది. "అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి" అన్న ఆవిడ మాట అందుకే సగం నిజం.

ఏ కౌంటీయో అసలు తెలియకపోతే ఇంకో దారి ఉంది. టెక్సస్ ఆరోగ్య శాఖ కింద జనన మరణాల నమోదు విభాగం 1968 నుంచి రాష్ట్రంలో జరిగిన విడాకుల సూచిక నిర్వహిస్తోంది. వాళ్ళు ఇచ్చే ధ్రువీకరణ లేఖలో విడాకులు నమోదైన తేదీ, కౌంటీ ఉంటాయి. అది డిక్రీకి, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పుకు, బదులు కాదు, డిక్రీ ఎక్కడుందో చూపించే వేలు మాత్రమే.

దొరికినంత మాత్రాన ఊపిరి పీల్చుకోవద్దని ఎందుకన్నానో చెబుతాను. ఇలాగే ఒక కుటుంబం కంప్యూటర్ నుంచి తీసిన ఒక కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, కేసు నంబరు ఉంది, చివర కేసు ముగిసింది అని ఉంది. ముహూర్తం కూడా పెట్టేసుకున్నారు. వీసా కాగితాల కోసం డిక్రీ నకలు తెప్పించమన్నారు, అంతే. నేను కోర్టుకు వెళ్ళాను. సంచి, బెల్టు తీసి తనిఖీ యంత్రంలో పెట్టి, లోపల గోడ వారగా ప్రజల కోసం ఉంచిన కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నంబరు కొట్టాను. ఫైలులో నాలుగే కాగితాలు. విడాకులు కోరుతూ వేసిన అర్జీ, అవతలివారికి నోటీసు, కోర్టు పంపిన హెచ్చరిక, చివర ఒకే ఒక్క పేజీ ఉత్తర్వు. కేసు వేసినవారు ముందుకు నడిపించలేదు కాబట్టి కొట్టివేశామని ఆ పేజీలో ఉంది. కేసు ముగిసింది, నిజమే. పెళ్ళి మాత్రం అలాగే ఉంది. ఆ అబ్బాయి తనకు విడాకులు అయిపోయాయనే నమ్ముతున్నాడు. కేసు వేసి, లాయరును మానేసి, వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఎవరూ మోసం చేయలేదు. కానీ ఆ పెళ్ళి జరిగి ఉంటే ఆ రెండో అమ్మాయి గతి ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటే నాకు గుండె జారిపోతుంది.

అందుకే మీరు అడగవలసిన కాగితం పేరు గుర్తుపెట్టుకోండి. ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్. అర్జీ నకలు పంపితే సరిపోదు, కేసు వివరాల పేజీ ఫొటో పంపితే సరిపోదు. చివరి పేజీలో జడ్జి సంతకం, తేదీ ఉన్న డిక్రీ కావాలి. దానికి క్లర్కు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాలి.

మీకు ఇస్తారా అని అడిగారు. ఇస్తారు. మన దగ్గర కేసుతో సంబంధం లేనివాళ్ళు నకలు కావాలంటే ఎందుకో కారణం చూపాలి. అక్కడ కోర్టు ఫైలు మూసి ఉంచమని జడ్జి ఆదేశిస్తే తప్ప, లేదా చట్టమే దాన్ని గోప్యమని చెబితే తప్ప, ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఎవరు, ఎందుకు అని అడగరు. కోర్టు కాగితాలు చూసి నకలు తీసుకునే హక్కు ప్రజలకు ఉందని అమెరికా సుప్రీంకోర్టు కూడా 1978లో ఒక కేసులో చెప్పింది. టెక్సస్‌లో విడాకుల ఫైళ్ళు సాధారణంగా తెరిచే ఉంటాయి. దత్తత కేసులు, బాల నేరస్థుల కేసులు మూసి ఉంటాయి. తెరిచి ఉన్న ఫైళ్ళలో కూడా పాస్‌పోర్టు నంబర్లు, బ్యాంకు ఖాతాల నంబర్లు, పసిపిల్లల పూర్తి పేర్లు మరుగుపరుస్తారు. కోర్టు తుడిచేయమని ఆదేశించిన నేరాల రికార్డు వెతికినా కనిపించదు. కాబట్టి క్రిమినల్ జాబితాలో పేరు లేదంటే అక్కడ కనిపించేది లేదని మాత్రమే అర్థం చేసుకోండి.

ఇదంతా టెక్సస్ మాట. ఆ అమ్మాయి వేరే రాష్ట్రంలో కేసు వేసి ఉంటే పద్ధతి మారిపోతుంది. న్యూయార్క్‌లో విడాకుల ఫైలు భార్యాభర్తలు, వాళ్ళ లాయర్లు తప్ప ఇతరులు చూడడానికి లేదు. అక్కడైతే అబ్బాయే తెచ్చి చూపించాలి, వేరే దారి లేదు. కాలిఫోర్నియాలో కౌంటీకో సుపీరియర్ కోర్టు ఉంటుంది, కుటుంబ కేసుల కాగితాలు ఆ కోర్టుకు వెళ్ళి చూసుకోవాలి. మీ మేనల్లుడు ఉండే న్యూజెర్సీలో విడాకుల తీర్పుల నకళ్ళు ట్రెంటన్‌లో ఉన్న సుపీరియర్ కోర్టు క్లర్కు కార్యాలయం నుంచి తెప్పించుకోవచ్చు.

ఏజెన్సీకి నలభై వేలు ఇవ్వకండి. టెక్సస్‌లో సర్టిఫైడ్ కాపీకి పేజీకి డాలరు చొప్పున తీసుకుంటారు, కేసు నంబరు చెప్పకుండా వెతకమంటే మరో కొద్ది డాలర్లు. డిక్రీ ముప్ఫై పేజీలున్నా అదంతా కలిపి మీ మేనల్లుడు ఒకపూట కుటుంబంతో హోటల్లో తినే భోజనం ఖర్చు కూడా కాదు. అతను న్యూజెర్సీ నుంచి కదలనవసరం లేదు. ఈమెయిలులోనో ఫోనులోనో అడిగి కార్డుతో డబ్బు కడితే సరిపోతుంది. ఏజెన్సీలు చాలావరకు చేసేది ఇంటర్నెట్‌లో వ్యక్తుల వివరాలు అమ్మే సైట్ల నుంచి ఒక నివేదిక కొని, దానికి అట్ట వేసి మీకు ఇవ్వడం. ఆ సైట్లు ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్ని కలిపేస్తాయి. మన పేర్లతో అది ఎంత సులువో మీకే తెలుసు. ఎవరిదో మత్తులో కారు నడిపిన కేసు ఈ అబ్బాయి నెత్తిన పడితే రెండు కుటుంబాలకూ అన్యాయం.

అయితే అమ్మా, ఈ వెతుకులాటంతా రెండో పని. మొదటి పని నేరుగా అడగడం. ఇందులో మొహమాటం ఎందుకు వద్దో చెబుతాను. రేపు పెళ్ళయ్యాక మీ అమ్మాయి గ్రీన్‌కార్డు కోసం భర్త తరఫున దరఖాస్తు పెడితే, అతని మొదటి పెళ్ళి చట్టప్రకారం ముగిసిందనడానికి రుజువు జతచేయాలి. ఆ రుజువు ఈ డిక్రీయే. అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకు ఇచ్చే హెచ్4 వీసా ఇంటర్వ్యూలో కూడా అడగవచ్చు. అంటే ఆ కాగితం వాళ్ళు ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ తీయాల్సిందే. అబ్బాయి తల్లికి ఈ మాటల్లోనే చెప్పవచ్చు: "వదిన గారూ, వీసాకు ఎలాగూ అబ్బాయి డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలట. అది పంపగలరా? ఏ కౌంటీయో, కేసు నంబరు ఏమిటో కూడా చెబితే మా వాడు అక్కడ సరిచూసుకుంటాడు." ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు. నిజంగా విడాకులు తీసుకున్న మనిషి దగ్గర ఆ నకలు ఫోనులోనో మెయిలులోనో ఉండి తీరుతుంది. ఇంటి రుణానికో ఇంకో పనికో అతను దాన్ని ఇప్పటికే చూపించి ఉండవచ్చు. టెక్సస్‌లో కేసు నంబరును కాజ్ నంబరు అంటారు. డల్లస్ కౌంటీ కుటుంబ కేసుల నంబరు డీఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. అలా నంబరును బట్టే ఏ కౌంటీయో కొంతవరకు తెలిసిపోతుంది. నంబరు చేతికి వస్తే పేర్ల గొడవే ఉండదు. వాళ్ళు పంపిన నకలు వచ్చాక కూడా, అదే నంబరుతో క్లర్కు నుంచి మీరు వేరుగా ఒక కాపీ తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

డిక్రీ చేతికి వచ్చాక ఏం చూడాలి? మొదట శీర్షిక. టెక్సస్ డిక్రీ పైన ఫలానా వారి వివాహ విషయంలో అని ఇద్దరి పేర్లు ఉంటాయి. దాని కిందే ఫలానా బిడ్డ శ్రేయస్సు విషయంలో అని ఇంకో వరుస ఉంటే ఆ దంపతులకు బిడ్డ ఉన్నట్టు. పిల్లలు లేరని చెప్పిన సంబంధానికి ఈ ఒక్క వరుస చాలు. బిడ్డ ఉంటే నెలనెలా ఎంత కట్టాలో, ఎవరి దగ్గర ఉండాలో లోపలి పేజీల్లో రాసి ఉంటుంది. తర్వాత తేదీ. టెక్సస్‌లో డిక్రీ వచ్చాక 31వ రోజు రాకముందు వేరే వాళ్ళను పెళ్ళి చేసుకోకూడదు. ఆ గడువు దాటిందా చూసుకోండి.

ఆ తర్వాత చూడవలసింది మనకు, అంటే తెలుగు కుటుంబాలకు, అన్నిటికంటే ముఖ్యమైనది. మొదటి రెండు పేజీల్లో ఎవరు హాజరయ్యారు అని ఒక భాగం ఉంటుంది. భార్య కోర్టుకు వచ్చిందా, లాయరు ద్వారా వచ్చిందా, ఒప్పుకుని సంతకం చేసిందా, లేక నోటీసు ఇచ్చినా రాలేదు కాబట్టి ఏకపక్షంగా ఇచ్చారా అని అందులో ఉంటుంది. చివరి పేజీలో ఆమె సంతకం ఉందో లేదో కూడా చూడండి. ఎందుకంటారా? వాళ్ళ పెళ్ళి విజయవాడలో జరిగింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి అది. అమెరికా కోర్టు రద్దు చేసినంత మాత్రాన మన దేశంలో రద్దయినట్టు కాదు.

దీని మీద మన సుప్రీంకోర్టు తీర్పు ఉంది, అది తెలుగు దంపతుల కేసే. 1975లో తిరుపతిలో పెళ్ళయింది. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీలోని సర్క్యూట్ కోర్టులో విడాకులకు వేశారు. భార్య అభ్యంతరం చెబుతూ ఇక్కడి నుంచి జవాబు పంపారు, ఆ కోర్టుకు వెళ్ళలేదు. 1980 ఫిబ్రవరిలో ఆ కోర్టు విడాకులు ఇచ్చేసింది. మరుసటి ఏడాది ఆయన యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నారు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టారు. 1991 జూలైలో సుప్రీంకోర్టు, ఆ కౌంటీ కోర్టు ఇచ్చిన డిక్రీ మన దేశంలో చెల్లదని తేల్చింది. విడాకులకు చూపిన కారణం మన వివాహ చట్టంలో ఉన్నది కావాలి. భార్య తన ఇష్టంతో ఆ కోర్టుకు వచ్చి వాదించుకుని ఉండాలి, లేదా విడాకులకు ఒప్పుకుని ఉండాలి, లేదా ఆమె స్థిరనివాసమే అక్కడ అయి ఉండాలి. స్థూలంగా తీర్పు చెప్పింది ఇది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన జిరాక్సు కాపీ సంగతి కూడా చర్చకు వచ్చింది, విదేశీ కోర్టు కాగితానికి సరైన ధ్రువీకరణ ఉండాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పులోని రెండో భార్య స్థానంలో నేను ఎప్పుడూ మీ అమ్మాయి లాంటి పిల్లను ఊహించుకుంటాను. ఆమె ఏ తప్పూ చేయలేదు. చేతిలో అమెరికా కోర్టు కాగితం ఉన్న మనిషిని చేసుకుంది.

కాబట్టి డిక్రీలో ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేసి ఉంటే మీకు చాలావరకు నిశ్చింత. ఆ అమ్మాయి ఇండియాలో ఉండగా ఏకపక్షంగా తెచ్చుకున్నదైతే, ఆ డిక్రీ తీసుకెళ్ళి గుంటూరులోనో విజయవాడలోనో కుటుంబ కేసులు చూసే లాయరుకు చూపించకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. ఇక్కడి కోర్టులో కూడా ఏదైనా కేసు నడుస్తోందేమో, మన కోర్టుల కేసులు చూపించే ఈకోర్ట్స్ సైటులో జిల్లా ఎంచుకుని ఇద్దరి పేర్లతోనూ చూడండి. ఆ అమ్మాయి వేసిన భరణం కేసో, వేధింపుల కేసో ఉంటే అమెరికా కాగితం ఎంత శుభ్రంగా ఉన్నా మీకు తెలియాలి.

ఇక్కడి లాయరు ఆ డిక్రీని మన కోర్టులోనో ఆఫీసులోనో చూపించాలంటే అపోస్టిల్ వేయించమంటారు, అంటే ఒక దేశపు కాగితం అసలైనదేనని ఇంకో దేశం నమ్మేలా చేసే ధ్రువీకరణ. సర్టిఫైడ్ కాపీని ఆస్టిన్‌లో టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి పంపితే, 15 డాలర్లు తీసుకుని ఒక పత్రం జతచేసి ఇస్తారు. అపోస్టిల్‌ను గుర్తించే దేశాల ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. ఆ పని అబ్బాయినే చేయించమనండి, అది అతని బాధ్యత.

ఒక్క మాట మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఆ ఫైలులో ఇంకో ఆడపిల్ల జీవితం ఉంటుంది. ఆమె కష్టాలు, ఆమె మీద వేసిన నిందలు, ఆమె జీతం, ఆమె చిరునామా ఉంటాయి. చూసే హక్కు అందరికీ ఉంది నిజమే. మీకు కావలసింది డిక్రీ. అర్జీల్లో ఒకరినొకరు అనుకున్న మాటలు చదివి తీర్పులు చెప్పుకోవద్దు, బంధువుల వాట్సాప్ గుంపుల్లో పెట్టవద్దు. మీ మేనల్లుడికి కూడా ఇది గట్టిగా చెప్పండి. పది మందికి చేరిన ఆ పేజీలు మళ్ళీ వెనక్కి రావు.

ఇక ఫోను విషయం. డిస్ట్రిక్ట్ క్లర్కు కార్యాలయాలు మామూలుగా ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. టెక్సస్‌లో అప్పుడు ఎనిమిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మీరే చేసినా పలుకుతారు, భాష ఇబ్బంది అయితే మీ మేనల్లుడిని చేయమనండి. కుటుంబ కేసుల రికార్డుల విభాగం కావాలని అడిగి, భార్యాభర్తల పేర్లు, ఉజ్జాయింపుగా విడాకులైన సంవత్సరం చెప్పి, ఫైనల్ డిక్రీ ఉందా, ఎన్ని పేజీలు, సర్టిఫైడ్ కాపీకి ఎంత అని అడిగితే చాలు. మొదట కాలిన్ కౌంటీకి చేయమనండి, అక్కడ లేదంటే డెంటన్‌కు, ఆ తర్వాత డల్లస్‌కు. ఈ మూడింటికీ ముందు మాత్రం వదిన గారికి ఒక ఫోను చేయండి. ఆవిడ ఏమన్నారో, డిక్రీ వస్తే అందులో హాజరు భాగంలో ఏముందో నాకు రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.